అంగడి వాకిట్లో అవ్వ

మా తాతకు మనుషుల కంటే వీధులే ఇష్టం. చిత్తూరు బజారులో బట్టల అంగడి నడుపుతూనే, మద్రాసు నుంచి కెమెరా తెచ్చుకుని ఊరంతా ఫోటోలు తీశాడు. బజారు వీధి, సంత, ఎడ్లబండ్ల వరుస, తిరుపతికి పోయినప్పుడు అలిపిరి మెట్ల దారి. ఆ కాలంలో ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందని జనం పారిపోయేవారట. తాతకు అది మేలే అయింది. అడ్డం వచ్చేవాళ్లు లేరు.

వచ్చింది ఒక్క మా అవ్వే. ఇల్లు అంగడి వెనకే. తాత అంగడిని తీస్తుంటే ఏం చేస్తున్నాడో చూద్దామని వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఫోటో చెడిపోయిందని తాత విసుక్కున్నాడట. కొన్నాళ్లకే అవ్వ పోయింది. అప్పటికి మా నాయన పాలు తాగే బిడ్డ. చెడిపోయిన ఆ ఫోటోలో తప్ప అవ్వ ఇంకెక్కడా లేదు. అందులోనూ ముఖం కందిగింజంత.

మిగతా ఫోటోలన్నీ ట్రంకుపెట్టెలో వేపాకు మధ్య ఉండేవి. ఇంటికి ఎవరొచ్చినా నాయన వాటిని తీసి, "ఈడ సూడండి, ఇప్పుడు బస్టాండు ఉండే తావు ఇదే" అని మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్లు కాఫీ తాగి తప్పించుకునేవారు. అంగడి ఫోటో మాత్రం దేవుని గూట్లో ఉండేది. అవ్వ ముత్తయిదువగా పోయింది కాబట్టి మా అమ్మ శుక్రవారం శుక్రవారం ఆ ఫోటో తుడిచి, అవ్వకు కుంకుమ పెట్టేది. ఒకసారి వెల్ల వేసేటప్పుడు దాని అద్దం పగిలింది. కొత్తది వేయించాలని అందరం అనేవాళ్లం. అనడంలో మా ఇంటివాళ్లను మించినవాళ్లు లేరు. అమ్మ ఆ ఉత్త కాగితాన్నే తడిగుడ్డతో తుడిచి, దాని మీదే బొట్టు పెడుతూ వచ్చింది. బొట్టు ముఖం కంటే పెద్దది.

ఎనభైల మొదట్లో తాత పోయాడు. ఆయన పటం హాల్లో తగిలించి, పక్కన అవ్వది కూడా ఉండాలని నాయన పట్టుబట్టాడు. "ఒక్కసారన్నా మాయమ్మ మొగం పెద్దదిగా సూడాల" అన్నాడు. నన్ను వెంటబెట్టుకుని తిరుపతిలో ఒక స్టూడియోకు పోయాడు. స్టూడియో సాయిబు పాత ఫోటోలు పెద్దవి చేయడంలో పేరున్నవాడు. మెత్తని కుంచెతో కుంకుమ దులిపి, భూతద్దం పెట్టి చూశాడు.

"మనిషి ఉండాది గానీ మొగం లేదన్నా. కుంకం తినేసిండాది."

నాయన భూతద్దం తీసుకుని తానూ చూశాడు. నాకు అమ్మ మీద కోపం వచ్చింది. కాసేపటికి మా అందరి మీదా వచ్చింది.

"ఎవురి మాదిరి ఉంటాదో చెప్పన్నా, గీస్తా" అన్నాడు సాయిబు.

నాది అవ్వ పోలికని తాత ఎప్పుడూ అనేవాడు. "ఇదో, నా కూతురి మాదిరి" అని నాయన నన్ను చూపించాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

పటం చాలా బాగా వచ్చింది. అదే చిక్కయింది. అంగడి వాకిట్లో, పాతకాలపు చీరకట్టుతో, నేనే నిలబడి ఉన్నాను. అమ్మ ఒకసారి చూసి, చేతిలోని పూలదండ కింద పెట్టేసింది.

"బతికుండే బిడ్డ మొగానికి దండ ఎట్లా ఏసేది? నేను ఎయ్యను."

నాయన పటాన్ని గుడ్డలో చుట్టి, ఊరి ఫోటోలతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టేశాడు. తాత పక్కన మేకు ఖాళీగానే ఉండిపోయింది.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం చూస్తే పెట్టె తెరిచి ఉంది. నాయన పటాన్ని ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో నా ముక్కూ నోరూ మూసి చూస్తున్నాడు. తర్వాత నుదురు మూసి చూశాడు. నన్ను కొంచెం కొంచెంగా తీసేస్తే ఆమె మిగులుతుందేమోనని వెతుకుతున్నాడు. నన్ను చూసి కూడా చెయ్యి తీయలేదు.

"కండ్లన్నా మాయమ్మవే గదా?" అన్నాడు.

ఆ కండ్లు చూసినవాళ్లెవరూ అప్పటికి బతికి లేరు.

"అవును నాయనా" అన్నాను. "అవ్వ కండ్లే."