మా అవ్వ చెప్పిన ఊరు

ఇస్త్రీ బండి మీద గంజి చీరకు వేడిపెట్టె తగలగానే లేచే వాసనకు ఈ వయసులోనూ నా కాళ్లు ఆగిపోతాయి. తమిళ పట్నంలోని చింతాద్రిపేటలో మా ఇల్లంతా ఆ వాసనే. వీధి పొడుగునా పడుగు సాచి పెద్దవాళ్లు గంజి పట్టిస్తుంటే మేం దారాల కింద దూరి దొంగాట ఆడడం, తమిళుల ఐప్పసి నెల వానల్లో నూలు ఆరక అవ్వ కుంపటి ముందు కూర్చుని విసుక్కోవడం, ఆయుధపూజనాడు మగ్గానికి బొట్లు పెట్టి బెల్లం కలిపిన బొరుగులు పంచడం, ఇదే మా ఏడాది.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన మరుసటి ఏడు నేను ఆరో తరగతిలో చేరాలి. సీట్లు ముందు ఊరి పిల్లలకు, మిగిలితేనే బయటివాళ్లకు అని మా వీధి చివరి బడి గోడకు నోటీసు అంటించారు. మగ్గం వదిలే తీరిక లేక నాన్న నన్ను అవ్వతో పంపాడు.

"సొంత ఊరు?" అన్నాడు గుమాస్తా.

"ఈడేనయ్యా. పుట్టింది ఈడ, మెట్టింది ఈడ."

"అది ఉండే ఊరు పాటీ. మీకు ఆంధ్ర ఇచ్చేసినారే, ఇంకా పోలేదా?" అన్నాడు, అవ్వను తమిళంలో "పాటీ" అని పిలుస్తూ.

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు.

"మేం పోతే నీకు పంచ ఎవురు నేస్తారు?" అంది అవ్వ. ఈసారి నవ్వు ఆయన మీదికి మళ్లింది. ఆయన ముఖం మాడిపోయింది. మెత్తగా అడిగాడు.

"సరి పాటీ, మీ కులదేవత గుడి ఎక్కడ?"

మా ఇళ్లలో పెళ్లిమాటలకు కూర్చుంటే మొదట చెప్పేది ఇలవేల్పు ఉన్న ఊరే. ఆ ఊరు అవ్వ వాళ్ల అవ్వ కూడా చూడలేదు. చెప్పొద్దని నేను కొంగు లాగుతూనే ఉన్నాను. "నెల్లూరు పక్కనయ్యా" అని అవ్వ కళ్లు మూసుకుని దండం పెట్టింది. ఆమె కళ్లు తెరిచేలోపే ఆయన రాసేశాడు: సొంత ఊరు, నెల్లూరు జిల్లా.

బయటివాళ్ల జాబితాలో పడ్డ నాకు సీటు రాలేదు. అయిదేళ్లు కూవం ఏటి వంతెన దాటి దూరపు బడికి నడిచాను. "నా నోరు పడ! నీ సీటు నేనే పోగొడితినే" అని అవ్వ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నా మీద నేను చెప్పుకోవలసిన ఫిర్యాదు అదొక్కటే.

ఇప్పుడా వీధిలో మగ్గం లేదు, పడుగు సాచే జాగా లేదు. మా మనవలు తమిళంలోనే పోట్లాడుకుంటారు. వాళ్లను సొంత ఊరు ఎవరూ అడగరు. బడి కూల్చి దుకాణాలు కట్టారు. రికార్డులో నా సొంత ఊరు దిద్దమని అంతకుముందే నేను పెట్టిన మూడు అర్జీలకూ జవాబు రాలేదు. ఇన్నేళ్లలో నెల్లూరులో నా రైలు రెండుసార్లు ఆగింది. మంచినీళ్లకు కూడా దిగలేదు.