నెర్రెకు బటన్ లేదు

దేవ్‌సింగ్‌ని మనిషిగా చూడకముందు నాలుగు నెలలు నేనతన్ని చుక్కగా చూశాను. మణుగూరు దగ్గర బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో రెండువేల ఆరు వేసవిలో కొత్తగా కంప్యూటర్లు పెట్టారు. మట్టి మోసే ప్రతి డంపర్ నెత్తిన ఒక యాంటెన్నా, లోపల డ్రైవర్ ఎదురుగా చిన్న తెర. ఆఫీసు మేడ మీద కంట్రోల్ రూమ్‌లో నా ముందు పెద్ద తెర. గని మొత్తం దాని మీద బూడిదరంగు గీతలు, డంపర్లు ఆకుపచ్చ చుక్కలు. ఏ బండి ఎటు పోవాలో కంప్యూటర్ చెబుతుంది. డ్రైవర్లు దాని మాట వింటున్నారో లేదో చూడటం నా పని. మాది వేంసూరు. డిప్లొమా చదివి, ఇరవై మూడేళ్ళకే పాతికమంది మగవాళ్ళ మీద అజమాయిషీ దొరికేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. దాచుకోవడమెందుకు, ఎక్కాయి.

నలభై రెండో నంబరు చుక్క నాకు కంట్లో నలుసు. బండి ఆగితే డ్రైవర్ కారణం నొక్కాలి. అతని తెర మీద బొమ్మలతో తొమ్మిది బటన్లుంటాయి. డీజిల్, టైరు, ఇంజను, టీ, బ్లాస్టింగు, అలాంటివి. ఐదు నిమిషాల్లో ఏదీ నొక్కకపోతే చుక్క ఎర్రబడుతుంది, నా చెవి పక్కన పీప్ పీప్‌మని మోగుతుంది, సంగతి షిఫ్టు రిపోర్టులోకి ఎక్కుతుంది. నలభై రెండు రోజుకు మూడుసార్లయినా ఎర్రబడేది. అదీ ఎప్పుడూ ఒకే చోట, ఉత్తరపు డంప్ మీద. గనిలోంచి తవ్విన మట్టిని ఏళ్ళ తరబడి పోసి కొండ చేసిన చోటు అది.

"ఫార్టీ టూ, ఎందుకాగారు?" అని వైర్‌లెస్‌లో అరిచేదాన్ని.

"దిగి చూస్తున్న మేడమ్."

"ఏం చూస్తున్నారు?"

"భూమిని."

"భూమికి బటన్ లేదు. బండెక్కండి."

పక్క సీట్లో వాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తెరమీది చుక్కతో పోట్లాడుతున్నానన్నట్టే ఉండేది తప్ప, అవతల ఎండలో ఒక మనిషి నిలబడి ఉన్నాడన్న ధ్యాసే ఉండేది కాదు.

అతని గురించి ఆ మాత్రమైనా తెలిసింది లాలు వల్ల. ముప్పై ఎనిమిదో నంబరు బండి లాలుది. దేవ్‌సింగ్‌ది పినపాక వైపు తండా. భూమి గనికి పోతే బదులుగా ఈ కొలువు వచ్చింది. నలభై ఆరేళ్ళు. కుదురుగా కూర్చోవడం అతని ఒంట్లోనే లేదట. కూర్చున్నంతసేపూ మోకాలు ఆడుతూనే ఉంటుందట. తెర బిగించిన మొదటి వారం దాని మీద తువ్వాలు కప్పాడట. "ఎవలో నా మొకంలకు తొంగి చూసినట్టున్నది" అన్నాడట. ఇది విని కూడా నేను నవ్వాను.

ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి రెండో హెచ్చరిక దాటి, అటు బస్సులు ఆగిపోయాయి. మా గని అడుగున చెరువు నిలిచింది. నాలుగు రోజులు ఒక్క బండి కదల్లేదు. ఐదో రోజు ఎండ కాసింది. తోలలేకపోయిన మట్టి లెక్కంతా ఆ ఒక్క రోజులోనే రాబట్టాలన్నట్టు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పది గంటలకు నలభై రెండు ఆగింది.

"మేడమ్, డంప్ అంచు నెర్రె ఇచ్చింది. మొన్న లేదు. బండ్లు పంపకుండ్రి."

"షిఫ్టు ఇన్‌చార్జి గారికి చెప్పండి."

"చెప్పిన. అన్ని డంపులకు ఉంటయ్ పో అంటుండు. ఇది గట్ల కాదు మేడమ్. దీని కింద ఊట ఉన్నది."

చెవి పక్కన మోత మొదలైంది. ఇటు ఫోను, అటు వైర్‌లెస్‌లో ఇంకో ఇద్దరు డ్రైవర్లు. "ముందు కారణం నొక్కండి, ఎర్రబడింది!"

"నెర్రెకు బటన్ ఏది మేడమ్?"

"టైరు నొక్కండి! ఏదో ఒకటి నొక్కండి, నా ప్రాణం తియ్యకండి!"

నొక్కాడు. మోత ఆగింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

తర్వాత అతను చేసిన పని నేను ఊహించలేదు. డంపర్‌ని దారికి అడ్డంగా తిప్పి పెట్టి, తాళం తీసుకుని కిందికి దిగాడు. వెనక బండ్లన్నీ నిలిచిపోయాయి. జీపులో ఇన్‌చార్జి వెళ్ళాడు, అరిచాడు, తాళం లాక్కుని ఇంకో డ్రైవర్‌ని ఎక్కించి బండి పక్కకు తీయించాడు. మొత్తం నలభై ఒక్క నిమిషాలు. తర్వాత డంప్ మీద పని మామూలుగా సాగింది. సాయంత్రం దాకా ఒక్క పెళ్ళ కూడా జారలేదు.

మర్నాడు దేవ్‌సింగ్‌ని సస్పెండ్ చేశారు. టైరు బాగానే ఉండగా టైరు అని నొక్కి తప్పుడు కారణం చూపాడు, ఉత్పత్తి ఆపాడు అని చార్జిషీటు. సోమవారం విచారణ. నేరం రుజువైతే కొలువు పోతుంది. అతను వైర్‌లెస్‌లో నాతో అన్న మాటకు ఎక్కడా రికార్డు లేదు. నేను నొక్కించిన బటన్‌కు మాత్రం ఉంది, గంట, నిమిషం, సెకనుతో సహా.

ఆ నాలుగు రోజులు నేను నాలా లేను. డ్యూటీలో ఏ చుక్క డంప్ అంచు దాకా పోయినా దాని మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయేదాన్ని. అది వెనక్కి తిరిగితే ఊపిరొచ్చేది, ఇంతలో ఇంకోటి పోయేది. ఒక మధ్యాహ్నం, ఆ మట్టి జారిపోతే బాగుండును, దేవ్‌సింగ్ మాట నిజమయ్యేది కదా అనుకున్నాను. అనుకున్న వెంటనే తెరవైపు చూశాను. అంచు మీద లాలు బండి ఉంది. లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఆదివారం వాళ్ళ తండా వెతుక్కుంటూ వెళ్ళాను. దేవ్‌సింగ్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. గొంతు విని పెద్ద మనిషనుకున్నాను గానీ, సన్నగా, పొట్టిగా ఉన్నాడు. నేనెవరో చెప్పగానే అతని భార్య కమ్లి నడుం మీద చెయ్యి వేసుకుని ముందుకొచ్చింది.

"నువ్వేనా డబ్బాలకెల్లి ఒర్లే పిల్లవు? చూడు, గదే మీ గుట్ట. దాని కింద మా చెలక ఉండె. చెలకల ఊట ఉండె. మా అత్త హేమ్లి ఆ నీళ్ళు ముంచే ఈయన్ని సాకింది. నడి ఎండాకాలంల గూడ ఎండలే. ఊటను పూడ్చి దాని మీద మట్టి పోసిండ్రు. నీళ్ళు ఏడికి పోతయ్ మరి? మీ కంప్యూటర్ చెప్పిందా?"

"ఊకో కమ్లీ" అన్నాడు దేవ్‌సింగ్.

"టైరు నొక్కమన్నది నేనేనని రేపు విచారణలో చెప్పండి" అన్నాను.

"చెప్తే ఏమొస్తది బిడ్డా. నీది కాంట్రాక్టు కొలువు, ఒక్క కాయితంతోటి తీసేస్తరు. నాకు యూనియన్ ఉన్నది. ఏం కాదు."

ఏం కాదంటూనే మోకాలు ఊపుతున్నాడు. మంచమంతా కిర్రుకిర్రుమంటోంది. కమ్లి వచ్చి ఆ మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపింది. నేను టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను.

సోమవారం విచారణకు కూర్చున్నది మేనేజర్ వెంకటనారాయణ గారు. మా వేంసూరు వారే, మా నాన్నకు వరసకు అన్న. నాకీ ఉద్యోగం ఆయన మాట మీదే వచ్చింది. కంట్రోల్ రూమ్ తరఫున రిపోర్టు చదవడానికి నన్ను పిలిపించారు.

"టైరు ఎందుకు నొక్కావు?" అని దేవ్‌సింగ్‌ని అడిగారు.

"నొక్కిన సార్. తప్పే."

నేను లేచాను. "నొక్కమన్నది నేను. నెర్రె అని చెప్పాడు, ఊట ఉందని చెప్పాడు. నేను వినిపించుకోలేదు."

"నిన్నడగలేదు పద్మప్రియా. కూర్చో."

"కూర్చోను పెదనాన్నా."

ఆఫీసులో ఆయన్ని నేనెప్పుడూ అలా పిలవలేదు. ఆయన మొహం కందిపోయింది. నన్ను వదిలేసి దేవ్‌సింగ్ వైపు తిరిగారు. "జారుతుందని నీకంత నమ్మకమా?"

"నమ్మకం ఏడిది సార్, అనుమానమే. జారుతదని నమ్మకముంటే ఆ అంచుల నలభై నిమిషాలు నిలబడుదునా? గానీ ఊట ఉన్నది మాత్రం నిజం. ఆ నీళ్ళు తాగి పెరిగిన."

వెంకటనారాయణ గారు కలానికి మూత పెట్టారు. తర్వాత సర్వేయర్‌ని పిలిచి, "ఇతన్ని వెంటబెట్టుకుని డంప్ అడుగుకు వెళ్ళు. ఆ ఊటేదో చూసి రా" అన్నారు.

"అందాకా బండ్లు ఆపుదామా సార్?" అన్నాను.

"చూసొచ్చాక మాట్లాడదాం. నువ్వు సీట్లోకి వెళ్ళు."

వెళ్ళాను. తెరమీద పదకొండు చుక్కలు. లాలు వెళ్ళి వచ్చాడు, ఇంకొకరు వెళ్ళారు. జీపుకు యాంటెన్నా లేదు, అది ఎక్కడుందో నాకు తెలియదు. కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. నెర్రె ఉందని బండ్లు ఆపే బటన్ నా కంప్యూటర్‌లోనూ లేదు. ఉన్నది ఒక్కటే, గొడుగు బొమ్మ. వాన పడి దారులు జారుడైతే అన్ని బండ్లనూ ఒకేసారి ఆపడానికి పెట్టారు. కిటికీలోంచి చూశాను. ఎండ పేలిపోతోంది. గొడుగు నొక్కాను.

చుక్కలన్నీ నీలమై నిలిచిపోయాయి. వైర్‌లెస్ గోలెత్తింది. "మేడమ్, వాన ఏడున్నది? ఏందిది?"

"కదిలితే రిపోర్టు రాస్తాను. ఆగండి."

ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తలేదు. వెంకటనారాయణ గారు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. కిటికీలోంచి బయటికి చూశారు, నా మొహం చూశారు.

"వానెక్కడమ్మా?"

"నాకు వేరే బటన్ లేదు పెదనాన్నా."

"మతి పోయిందా నీకు!" అని వంగి మౌస్ అందుకున్నారు. అడ్డుపడటానికి నా చెయ్యి లేవలేదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. సర్వేయర్ లోపలికొచ్చాడు. ఇస్త్రీ మడత చెదరకుండా తిరిగే మనిషి, తొడల దాకా బురద, ఒక కాలికి బూటు లేదు. వెనకాల దేవ్‌సింగ్, అతనూ అంతే.

"అడుగంతా జావ సార్" అన్నాడు సర్వేయర్. "దిగబడిపోయాను. ఇతనే లాగాడు."

వెంకటనారాయణ గారు అటు తిరిగారు. ఇద్దరి కాళ్ళ నుంచి గచ్చు మీద కారుతున్న నీళ్ళను చూస్తూ నిలబడ్డారు. మెల్లగా మౌస్ మీంచి చెయ్యి తీశారు.

"వాన తియ్యకమ్మా" అన్నారు.