తీసేసిన రెండు పొరలు

నాలుగేళ్లుగా రెండు పొరల టేపు మోస్తున్నాను. తూకం వేస్తే చింతగింజంత ఉండదు. అయినా దించుకోలేకపోయాను. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్లు నేనేం చెప్పినా జోకనుకుని నవ్వుతారు.

వనపర్తిలో ఒక చిన్న షాపులో సోలార్ కన్వర్టర్లు చేస్తాను. ప్యానెళ్ల నుంచి వచ్చే మూడు వందల వోల్టులను పాలు పితికే మిషన్‌కు సరిపడా నలభై ఎనిమిదికి దించే పెట్టెలు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో, కోర్ అనే చట్రంలో, రెండు తీగచుట్టలుంటాయి, మధ్యలో మూడు పొరల టేపు. అటు కరెంటు ఇటు మనిషిని ముట్టకుండా ఆపేది ఆ టేపే. చుట్టేది ఖాజా చాచా, మా అందరికంటే పెద్దవాడు. పొర వేసినప్పుడల్లా పైకే లెక్కపెడతాడు: ఏక్, దో, తీన్.

పెబ్బేరులో డెయిరీ నడిపే యాదమ్మక్క, బర్లు పెరిగాయి, రెట్టింపు పవర్ కావాలంది. పద్ధతి ప్రకారం పెద్ద కోర్ తెప్పించాలి. వారం పడుతుంది. నా తెలివికి వారం ఎందుకు? పాత కోర్‌కే లావు తీగ చుట్టమన్నాను. చాచా చుట్టిచ్చి నమాజుకు వెళ్లాడు. చుట్ట కోర్‌లో పట్టలేదు. గోరు మందం ఎక్కువైంది. పై తీగ విప్పాను, రెండు పొరలు పీకాను, మళ్లీ చుట్టాను. పట్టింది. బల్ల మీద కిలోవాటు లోడు గంటసేపు లాగింది. జబ్బలు చరుచుకున్నాను.

నెల తిరక్కుండా ఆ మిగిలిన పొర కాలింది. తడినేల మీద నిలబడి మిషన్ ముట్టిన యాదమ్మక్కను కరెంటు విసిరికొట్టింది. బతికింది. చేయి పది రోజులు మొద్దుబారింది. తన్నిందనుకుని ముందు బర్రెనే తిట్టిందట. నవ్వొచ్చే సంగతే. నాకు రాలేదు.

షాపులో పెట్టె విప్పితే ఒకే పొర. షాపు యజమాని సేటు, చాచా వైపు చూశాడు.

"మూడు ఏసిన గద బేటా. నాకు మంచిగ యాదుంది," అన్నాడు చాచా. సేటుతో కాదు, నాతో.

"ఏమో చాచా, యాద్మర్చినవేమో. జర ఉమర్ అయింది గద," అన్నాను. తప్పు ఆయన వయసు మీదికి నెట్టి, నవ్వుతూనే.

ఆయన తన వేళ్లను చూసుకున్నాడు. "గట్లనే అయ్యుంటది. నా చేతిల ఆమె పాణం పోతుండె."

తిట్టినా బాగుండేది. నమ్మాడు. భయపడి అన్నానా? కాదు. జోకు నోటికి సులువుగా వచ్చింది; అబద్ధం ఎక్కి తిరగడానికి అంతకంటే మంచి బండి లేదని నాకు ముందే తెలుసు.

ఇప్పుడు పెద్ద కోర్లే వాడతాను. మూడు కిలోవాట్ల పెట్టె కూడా చేశాను, బ్రహ్మాండంగా నడుస్తోంది. నా పని మీద నాకు సందేహం లేదు. సందేహమంతా చాచాకే. చుట్టింది విప్పి మళ్లీ చూసుకుంటాడు. ఇంటికి తాళం వేసి, సగం దారి నుంచి వెనక్కి వెళతాడు. "ఏక్, దో..." అని ఆగి నా ముఖం చూస్తాడు. "తీన్" అని నేనే అందిస్తాను.

ఆయనకు ఎప్పుడు చెబుతానో తెలియదు. మీ ముందు మాత్రం ఊపిరాడినట్టుంది. చాచా ఆ రోజు మూడు పొరలూ వేశాడు. రెండు నేను తీశాను. ఇందులో జోకేమీ లేదు, వెతక్కండి.