ఖాళీగా కనిపించిన సందు

ఇరవయ్యేళ్లు కొండలూ నదులూ పట్టుకు తిరిగాడాయన. ఆయన పద్ధతి ఒక్కటే: ఫోటోలో మనిషన్నవాడు కనబడకూడదు. వంతెన మీద నుంచి ఒక్క సైకిలువాడు తప్పుకోవడానికి రెండు గంటలు కాచుకు కూర్చున్న మొండిఘటం. మోకాళ్లు మొరాయించాక నగరానికి వచ్చి, అక్క ఇంటి మేడగదిలో చేరాడు.

రైలుకట్ట పక్కన ఇరుకు సందు అది. కొండల మీద బెంగ పెట్టుకున్న మనిషికి, పొద్దున్నే ఆ సందు గోడల మీద పడే ఎండ చూశాక ప్రాణం లేచొచ్చింది. ఇక రోజూ ఆరింటికల్లా కెమెరా స్టాండు దిగేది. అక్క తీగ మీది బట్టలు తీసేసేది. ఎదురింటి టైలరు తన స్కూటరు లోపలికి తోసుకునేవాడు. పాపం, ఒక్కరూ విసుక్కోలేదు. తమ్ముడుగారికి మనమంటే గిట్టదని టైలరు వేళాకోళమాడితే అక్క నవ్వి ఊరుకునేది.

మూడేళ్లలో మూడు వందల ఫోటోలయ్యాయి. ప్రదర్శన పెడితే సందు ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారందరూ. నగరపాలక కార్యాలయం వాళ్లు కొన్ని అడిగితే, ఎందుకని కూడా అడగకుండా పొంగిపోయి ఇచ్చాడు.

కిందటి నెల సందు మొదట్లో నోటీసు అంటించారు. రోడ్డు వెడల్పు కోసం ఇళ్లు కొట్టేస్తారట. ఇక్కడ కాపురాలు దాదాపు లేవట. రుజువుగా కింద ఆయన తీసిన ఫోటోలే.

అక్క కళ్లజోడు పెట్టుకుని అంతా చదివింది. ఫోటో మీద వేలు ఆనించింది.

"ఇది మన తలుపే కదరా. మరి మేమేరీ?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆ నిమిషంలోనే కార్యాలయానికి పరుగెత్తాడు. ఆఫీసరు మర్యాదగా కుర్చీ చూపించాడు. కరెంటు బిల్లులున్నాయంటే, తాళం వేసిన ఇళ్లకీ బిల్లులు వస్తాయన్నాడు.

"మీ ఫోటోలే కదండీ. నోటీసుకి ముందు తీసినవాటిలో ఒక్క మనిషి ఉన్నా తీసుకురండి, చూద్దాం."

మూడు వందలూ నేలమీద పరిచి వెతికాడు. మనిషి సంగతి సరే, గుమ్మం ముందు చెప్పులజత కూడా లేదు. తనే తీయించాడు మరి. తప్పు ఆఫీసువాళ్ల మీదికి తోసేద్దామంటే మనసు ఒప్పుకోలేదు. అంత అందంగా తీసినందుకు తన చేతుల మీదే అసహ్యమేసింది.

మర్నాడు పొద్దున్నే స్టాండు దించాడు. ఇప్పుడు తీసింది చెల్లదని తెలుసు. అయినా అక్కని తీయాలి, ఆ గుమ్మంలో, ఆ బట్టల మధ్య.

అక్క తడిబట్టల బకెట్టుతో బయటికొచ్చింది. కెమెరా కనబడగానే గబగబా తీగ మీదివి లాగేసి, బకెట్టుతో సహా వెనక్కి తగ్గింది.

"తీసుకోరా, నేను అడ్డు లేను" అంటూ తలుపు వేసుకుంది.