పుట్టగొడుగును గుప్పిటతో చూపించాలి

మనవలూ మనవరాళ్ళూ, నా కుడిచేతి బొటనవేలి సంగతి మీలో పెద్దదానికి ఒక్కదానికే తెలుసు. దూరాన ఉన్నవాళ్ళు పనులు మానుకుని దిగులు పడతారని మిగతావాళ్ళకి చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చనిపిస్తోంది.

మన బెల్లం పొయ్యి దగ్గర పాకం చూసే పని నాదే కదా. చెరకురసం పెనంలో మరిగి ఎర్రబడ్డాక, ముందు చల్లనీళ్ళలో వేళ్ళు ముంచాలి. గరిటె మీది పాకం చిటికెడు తీసి, వెంటనే మళ్ళీ నీళ్ళలో పెట్టి ఉండ చెయ్యాలి. ఆ ఉండ వేళ్ళ మధ్య ఎంత గట్టిగా ఉందో చూసి పెనం దించమని చెప్పాలి. తొందరపడితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు నేర్పిన పని ఇది. నా చేతిలో ఒక్క పెనమూ చెడలేదు.

పోయిన చలికాలం ఒక పొద్దున, ముందు నీళ్ళలో ముంచడం మరిచిపోయి పాకం తీశాను. నాకేమీ అనిపించలేదు. పక్కనున్న మీ పిన్ని కేకేసింది.

"అత్తా! సెయ్యి కాలిపోతంది!"

"ఏటే, ఏటైనాది?" అన్నాను. చూసుకుంటే బొటనవేలి మీద తోలు తెల్లగా ఉబ్బి ఉంది. కాలినందుకు కాదు, కాలినా తెలియనందుకు నాకు భయమేసింది.

చోడవరంలో డాక్టరుగారు కళ్ళు మూసుకోమన్నారు. వేళ్ళకీ అరికాళ్ళకీ దూది రాస్తాను, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. కళ్ళు మూసుకుని ఎప్పుడు రాస్తారా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. "అయిపోయిందమ్మా, తెరవండి" అన్నారాయన. సుగరు నరాలను తినేసిందట.

"ఇన్నాళ్ళూ మరగబెట్టేవని బెల్లం నీ మీద పగ తీర్సుకుందత్తా" అని మీ పిన్ని నవ్వించబోయింది. నాకు నవ్వు రాలేదు. వేళ్ళకి తెలియకపోతే పాకం దగ్గర నా పనేముంది?

మీ అక్క బెంగుళూరులో ల్యాబులో పనిచేస్తోంది కదా. ఒకరోజు ఫోనులో మాటల మధ్య, తాము ఒక పుట్టగొడుగులోంచి తీసిన పదార్థంతో నరాల కణాలు పెరుగుతాయేమో చూస్తున్నామని చెప్పింది. ఆ ఒక్క ముక్క నా చెవిలో ఉండిపోయింది. ఆ తరవాత అదేం చెప్పిందో నేను వినలేదు.

వానలు పడ్డాయి. చీడికాడ కొండల వైపు నుంచి ఒకావిడ అడ్డాకు పొట్లాల్లో పుట్టగొడుగులు వడ్డాది సంతకి తెస్తుంది. ఆమె దగ్గరున్నవన్నీ కొనేశాను.

"ఇన్నెందుకమ్మా? ఇంట్లో పెళ్ళేటైనా ఉందా?"

"నా నరాలకే."

"నరాలకా! కూరొండుకుంటారని తెచ్చేనమ్మా నాను" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

వాటిని పొయ్యి పైన ఆరబెట్టి, దంచి, రోజూ పొద్దున చెంచాడు మజ్జిగలో కలుపుకుని తాగాను. ఇక డాక్టరుగారిచ్చిన సుగరు మాత్రలెందుకని వాటిని బియ్యం డబ్బాలో దాచాను. కొన్నాళ్ళకి పెరట్లో కళ్ళు తిరిగి పడ్డాను. అన్నం వండబోయిన మీ పిన్నికి బియ్యంతో పాటు మాత్రలూ చేతికొచ్చాయి. అది తిన్నగా మీ అక్కకి వీడియో కాల్ చేసింది.

"మామ్మా, మాత్రలు మానేసేవా?"

"నువ్వే కదే పుట్టగొడుగులు నరాలకి మంచివన్నావు."

"నేన్చెప్పింది వేరే పుట్టగొడుగు! అది మనూళ్ళో పుట్టదు. చలి దేశాల్లో చెట్ల మానులకి తెల్లగా, సింహం జూలులా వేలాడతాది. అదైనా ఇంకా మందు కాదు. గాజు గిన్నెలో కణాలకి పనిచేసింది మనిషికి పనిచేస్తాదని ఎవరూ తేల్చలేదు. నువ్వు మాత్రలేసుకోకపోతే ఉన్న నరాలూ పోతాయి."

తిట్టడం రాక దానికి ఏడుపొచ్చినట్టుంది. ఆ పూటే డాక్టరుగారి దగ్గరికెళ్ళి, ఆయన చెప్పినట్టే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాను.

మరుసటి రోజు అదే మళ్ళీ వీడియో కాల్ చేసింది. "నీకొకటి సూపిస్తాను, సూడు" అంది. ల్యాబులో పెద్ద తెర మీద ఒక బొమ్మ. నల్లటి మధ్యలో చిన్న చుక్క. అది ఒక్క నరం కణమట. దానికి ఎదగమని చెప్పే పదార్థం మన ఒంట్లోనే ఉందట. పుట్టగొడుగులోని ఎరినసిన్లనే పదార్థాలు అది ఇంకాస్త ఎక్కువ తయారయ్యేలా చేస్తాయట. గంట గంటకీ తీసిన బొమ్మల్ని వరసగా నడిపించింది. ఆ చుక్కలోంచి సన్నటి దారం బయటికొచ్చింది. అటూ ఇటూ వెతికింది. కొన చీలి రెండయింది. ముందుకి పాకి, ఇంకో చుక్క నుంచి వస్తున్న దారాన్ని తాకింది.

ఆ దారాన్ని నేనెరుగుదును. చిన్నప్పుడు మా నాన్న చేను చదును చేస్తూ చెదల పుట్ట తవ్వితే, లోపల స్పాంజిలాంటి మట్టిగూటి నిండా అలాంటి తెల్లటి దారాలే. వానపడితే పుట్టగొడుగు పైకొచ్చేది వాటిలోంచేనని ఆయనే చూపించారు. మట్టిలో ఉన్నదీ, మనిషి ఒంట్లో ఉన్నదీ ఒకేలా తడుముకుంటూ పోతాయని ఎవరనుకుంటారు?

ఇంతలో మీ అక్క ఆ దారం కొన మీద వేలు పెట్టబోయింది. నేను ఉలిక్కిపడి అరిచేశాను.

"ఒసే! ఏలు సూపించకే, మాయమైపోద్ది!"

మీకెవరికీ చెప్పలేదేమో. పుట్టగొడుగు కనపడితే వేలు పెట్టి చూపించకూడదంటారు మనవైపు. చూపిస్తే మళ్ళీ అక్కడ మొలవదట. గుప్పిట మూసి చూపించాలి. మీ అక్క పక్కవాళ్ళకేదో ఇంగ్లీషులో చెప్పింది. ఆ చదువుకున్న పిల్లలంతా నవ్వుతూనే గుప్పిళ్ళు మూసి తెర వైపు చాపారు.

ఈ చలికాలం పాకం తీసేది మీ పిన్నే. ఉండ చేసి, చల్లారాక నా చేతిలో పెడుతుంది. నేను ఇత్తడి పళ్ళెంలో పడేసి చప్పుడు విని, పెనం దించాలో లేదో చెబుతాను. "నా ఏళ్ళు, నీ సెవులు" అంటుంది. ఇంతవరకూ పెనం చెడలేదు.

మొన్న ఆ ఉండని బొటనవేలి కింద దొర్లిస్తుంటే, వేలి చివర చీమ నడిచినట్టయింది. ఆగాను. మళ్ళీ దొర్లించాను. మళ్ళీ నడిచింది. సుగరు అదుపులోకొచ్చింది గనక కావచ్చు, అంతా తిరిగొస్తుందని మాత్రం చెప్పలేనన్నారు డాక్టరుగారు. నాకు ఆ చీమ చాలు.

మీ అక్కకి వీడియోలో చెప్పాను.

"నిజంగానా మామ్మా? ఎక్కడ? ఏదీ, సూపించు!"

చూపిద్దామని ఎడమచేతి వేలు లేపాను. వెంటనే దించేశాను. గుప్పిట మూసి చూపించాను.