మావయ్య కుసుం చెట్టు

మా మావయ్య పోయాడన్న కబురు ఫోన్లో అత్తే చెప్పింది. నేను టాటానగర్ స్టేషన్లో డ్యూటీలో ఉన్నాను. "మీ మావయ్య ఇంక లేడురా. టీ ఎట్టీసి వచ్చీసరికి కుర్చీలోనే ఎల్లిపోనాడు" అంది. ఏడవలేదు. ఆ టీ ఏం చేయాలో తెలియట్లేదన్నట్టు మాత్రం కాసేపు మాట్లాడింది.

మావయ్య ఉక్కు ఫ్యాక్టరీలో ఖలాసీగా చేశాడు. క్రేన్లకు బరువులు కట్టే పని. కట్టెలతో దహనం వద్దని ముందే చెప్పి పెట్టాడు. "బతికినన్నాళ్ళూ కొలిమి కాడే ఉన్నాను. ఆకర్న కూడా కొలిమే సాలు. నా కోసం ఏ సెట్టూ పడకూడదు" అనేవాడు. అలాగే కరెంటు దహనవాటికకు తీసుకెళ్ళాం. చెట్లంటే ఆయనకు అంత పిచ్చి. పిచ్చి అనే మాట నాది కాదు, అత్తది.

రిటైరయ్యాక ప్రతి ఆదివారం పాత చెట్లను వెతుక్కుంటూ సైకిలెక్కేవాడు. బారిడీహ్ సందుల్లో, సీతారాండేరా క్వార్టర్ల వెనక, ఖర్కయి నది దాటి ఆదిత్యపూర్‌లో కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట. పాత చెట్టు కనిపిస్తే చెప్పులు విప్పి, దాన్ని కౌగిలించుకుని, వేళ్ళు ఆనిన చోట సుద్దముక్కతో గీత పెట్టి, ఆ గీత దగ్గర్నుంచి మళ్ళీ కౌగిలించుకునేవాడు. బారల లెక్కన అదీ ఆయన కొలత. మావయ్యవి పొట్టి చేతులు కాబట్టి ఆయన చెట్లన్నీ ఉన్నదానికంటే లావుగానే తేలేవి. ఆ మాటంటే నవ్వేవాడు. ఇంటికొచ్చాక చొక్కాకు అంటిన బెరడు పొట్టు, చీమలు, జిగురు చూసి అత్త చొక్కాను గోడకేసి బాదేది. "సెట్టుకి మొగుడివా, నాకు మొగుడివా" అని అడిగేది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయేవాడు.

కొలిచిన ప్రతి చెట్టుకూ పసుపు పెయింటుతో నంబరు వేయడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో హుక్కుకూ గొలుసుకూ కూడా నంబరుంటుంది. "నంబరున్నదాన్ని ఎవులూ పారీరు" అని ఆయన నమ్మకం. వాళ్ళ వీధి మలుపులో ఉన్న కుసుం చెట్టు ఒకటో నంబరు. ఆదిత్యపూర్‌లో పెద్ద ఇప్ప చెట్టు ఏడో నంబరు.

ఒక ఆదివారం నన్ను కూడా తీసుకెళ్ళాడు. వెళ్ళేసరికి ఇప్ప చెట్టు లేదు. మొద్దు మాత్రం ఉంది, రంపపు పొట్టు ఇంకా తడిగా ఉంది. ఎందుకు కొట్టారని మావయ్య అడిగితే, పక్కన గోడ కడుతున్న మనిషి మామూలుగానే చెప్పాడు. "నంబర్ లగా థా న, చాచా. నంబర్‌వాలా హీ తో కాటనా థా." నంబరున్నదాన్నే కదా కొట్టాల్సింది అని. మీలో నగరాల్లో ఉన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది. కొట్టేయాల్సిన చెట్టుకే నంబరు వేస్తారు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఉన్న మనిషికి అది తట్టలేదు, ఆయన వెనక తిరిగిన నాకూ తట్టలేదు.

ఆయన మొద్దు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. "ఆల తప్పేటుంది? దాని సావు నానే రాసీసినాను" అన్నాడు.

తరవాతి నెలంతా ఇద్దరం కిరసనాయిలు, కొబ్బరిపీచు పట్టుకుని తిరిగి నంబర్లన్నీ చెరిపాం. కుసుం చెట్టు మీది ఒకటి మాత్రం పోలేదు. పెయింటు బెరడు పగుళ్ళలోకి దిగిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆయన ఏ చెట్టు మీదా ఏమీ రాయలేదు. దానికి బదులు చెట్టుకొక మనిషిని వెతకడం మొదలుపెట్టాడు. పక్కింట్లో ఉన్న ముసలమ్మో, ఎదురుగా టీ బండి పెట్టుకున్నవాడో. వాళ్ళతో టీ తాగి, మాటల్లో పెట్టి, చివరికి వాళ్ళ చేత కూడా చెట్టును కౌగిలింపించేవాడు. "సెట్టుకి నంబరు కాదురా, మనిసి కావాల. ఇదెవులిదని ఎవులైనా అడిగితే నాదీ అని ఒకలు బయటికి రావాల" అనేవాడు. కుసుం చెట్టుకు ఆయనే మనిషి. నా తరవాత నువ్వు చూసుకోవే అని అత్తను ఎన్నిసార్లు బతిమాలాడో. "ఆకులు తుడిసి నడుం పోయింది, నాకేటీ వద్దు" అనేది అత్త.

ఆయన పన్నెండో రోజు పొద్దున్న ఇద్దరు మనుషులు ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని మలుపు దగ్గరికి వచ్చారు. రోడ్డు వెడల్పు పని. ఫాల్గుణం కదా, కుసుం చెట్టు నిండా ఎర్రటి చిగుళ్ళు. వాళ్ళలో ఒకడు పసుపు ఒకటిని చూసి, దీనికి నంబరు ముందే పడిందని రెండోవాడితో అన్నాడు. ఆ రెండోవాడు వాకిట్లో కూర్చున్న మా వైపు తిరిగి "యే పేడ్ కిస్‌కా హై?" అని, ఈ చెట్టెవరిదని అడిగాడు.

నేను లేచే లోపే అత్త వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది. నేరుగా వెళ్ళి ఆ ఒకటి మీద వీపు ఆనించి నిలబడింది.

"మేరా హై" అంది, నాదీ అని. "పూఛనా హై తో హమ్‌కో పూఛో."

వాళ్ళు ఏదో సర్దిచెప్పబోయారు. అత్త కదల్లేదు. కాసేపటికి, పైవాళ్ళతో మాట్లాడి మళ్ళీ వస్తామని డబ్బా మూత పెట్టుకుని వెళ్ళారు. రేపో ఎల్లుండో మళ్ళీ రావచ్చు. వస్తే ఎవరితో మాట్లాడాలో ఇప్పుడు వాళ్ళకు తెలుసు.

అత్త లోపలికి వచ్చి, కర్మకు వచ్చిన చుట్టాలకు భోజనాలు వడ్డించింది. ఆమె చీర వీపంతా బెరడు పొట్టు, భుజం మీద ఒక ఎర్ర చిగురు. దులపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. సాయంత్రం దాకా అలాగే తిరిగింది.