నుదురు దగ్గరే ఆగిపోయిన చీర

కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకు భయం ఉంటుందంటారు. ఆ రోజుల్లో నాకు భయం లేదు, నోరు మాత్రం ఉంది. రోజూ ముస్తాబాద్ నుంచి ఆటోలో సిరిసిల్లకు వెళ్లి, ఒక చీరల దుకాణం వెబ్‌సైట్ చూసుకునేదాన్ని. (మా ఇంట్లో ఆ పనిని "నెట్‌ల చీరలు ఆరేసుడు" అనేవారు.) దుకాణం నడిపే సేటుకు చీరలంటే ప్రాణం. సేటు బామ్మర్ది జగిత్యాలలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు; అతనికి ఫొటోలంటే ప్రాణం. ఒక్కో చీరకు ఫ్లెక్సీకి సరిపోయేంత పెద్ద ఫొటో తీసి ఇస్తే, వాటిని అలాగే వెబ్‌సైట్‌లోకి ఎక్కించారు. దుకాణంలో వైఫై మీద దివ్యంగా కనిపించేవి. నెట్ సరిగ్గా అందని ఊళ్లలో వాళ్లకు మాత్రం పేజీ తెరుచుకునేదే కాదు. బతుకమ్మ పండుగ దగ్గరపడుతున్నా ఆర్డర్లు లేవు.

"ఫొటోలు చిన్నగ చెయ్యాలె సేటూ," అన్నాను.

"చిన్నగ చేస్తే జరీ ఏడ కనవడ్తది? మా బామ్మర్ది ఏమనుకుంటడు?"

"కొనేటోళ్లు ఏమనుకుంటున్నరో జూడుండ్రి."

"నాకే జెప్తున్నవా? పండుగదాంక గిట్లనే ఉంటే వెబ్‌సైట్ బంద్, నీ నౌకరి గూడ బంద్!"

"చేస్తే చేయుండ్రి. కనీ ఒక్కపారి నాతోని ఆటోల రాండ్రి," అన్నాను. అప్పటికే ఒక చీర ఫొటోను ఫోను వెడల్పుకు తగ్గించి, ఫైలు బరువు దించి వేరే పేజీలో పెట్టాను. దాని మీద నొక్కితేనే పెద్ద ఫొటో వస్తుంది.

గంభీరావుపేట ఆటో ఎక్కాం. సేటు తన ఫోన్‌లో తన దుకాణం తెరిచాడు. చీర కట్టుకున్న అమ్మాయి పైనుంచి కిందికి మెల్లగా దిగసాగింది. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, అక్కడే ఆగింది. పక్కనున్న అవ్వ తొంగి చూసింది.

"ఎవలు బిడ్డా గామె?"

"చీర జూస్తున్నమవ్వా," అన్నాను.

"చీరేది? తల్కాయే అచ్చింది గదా!"

"జర ఆగవ్వా, మంచిగస్తది," అన్నాడు సేటు పౌరుషంగా. అవ్వ ఆగింది. ఊరు దాటాక కనుబొమలు వచ్చాయి. తన ఊళ్లో దిగుతూ, "చీర అచ్చినంక జెప్పుండ్రి," అని వెళ్లిపోయింది. ఆటో అంతా నవ్వింది, సేటు తప్ప.

అప్పుడు అదే ఫోన్‌లో నా పేజీ తెరిచి చూపించాను. అంచుతో సహా చీర వచ్చేసింది. సేటు దాని మీద నొక్కి, పెద్ద ఫొటో దిగేదాకా ఓపిగ్గా కూర్చుని, జరీ పోగులు చూసుకుని గాని మాట్లాడలేదు.

"అన్నీ గిట్లనే చెయ్యి. మా బామ్మర్దికి మాత్రం చెప్పకు."

"దొంగతనమేమన్న చేసిన్నా? నేనే చెప్త," అని అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"నా ఫొటోలు కోసినవా?" అని అరిచాడు బామ్మర్ది.

"కోసిన్ననే. ఇన్నొద్దులు ఎవలూ చూడలే. ఇగ చూస్తరు."

ఆయన నాతో మాటలు మానేశాడు. ఆ వారమే కోరుట్ల నుంచి ఒక పెళ్లివారు చీరలు ఎంచుకుని ఆర్డరిచ్చారు. తర్వాత ఆ బామ్మర్దే, ఊళ్లలో కూడా ఇట్టే తెరుచుకునే ఫొటోలు తీసేది తానొక్కడేనని జగిత్యాలంతా చెప్పుకున్నాడట. (చెప్పుకోనీ!) నా నౌకరి నిలిచింది.

ఇప్పుడు పెద్ద ఆఫీసులో పని చేస్తున్నాను. మీటింగుల్లో "చూద్దాం సార్" అంటాను. నా మర్యాదను అందరూ మెచ్చుకుంటారు. అప్పటి నాలోని ఆ నోరున్న పిల్ల గాని ఎదురుగా కూర్చుని ఉంటే, "గంత మెత్తగ మాట్లాడితే ఎవలింటరక్కా?" అని నన్నే కడిగేసేది.